అంతర్జాలపు మాటల పుట్టిల్లు

పరీక్షా ఫలితాలు వెలువడు దినమున పల్లెపట్టులలో ఒక దృశ్యం కనిపించును. పదవ తరగతి వ్రాసిన పిల్లలు, వారి తల్లిదండ్రులు ఒక చిన్న తెర చుట్టూ మూగి ఉందురు. "ఫలితాలు నెట్టులో పెట్టినారట" అని ఒకరు, "సైటు తెరుచుకొనుట లేదు" అని మరొకరు అందురు. చివరకు "సర్వర్ డౌన్" అన్న మాట వినబడగానే అందరూ నిట్టూర్చి ఇళ్లకు మరలుదురు. ఈ మాట రేషను దుకాణం వద్దను, మీసేవా కేంద్రం వద్దను, బ్యాంకు గుమ్మంలోను కూడ వినబడునదే. విన్నవారికి అది గ్రహచారం వలె, ఎదురు చెప్ప వీలులేని తీర్పు వలె తోచును. ఇంతకూ ఆ సర్వర్ అనగా ఏమి? అది ఎక్కడ ఉండును? అది పడిపోవుట అనగా ఏమి? అని అడుగువారు అరుదు.

తెలియని మాటకు మనిషి లొంగిపోవును. అంతర్జాలానికి సంబంధించిన మాటలు ఆంగ్లం నుండి గుంపుగా వచ్చి పడుటచే, అవి శాస్త్రజ్ఞులకు తప్ప అన్యులకు అందని గూఢపదాలని ఒక భ్రమ ఏర్పడినది. నిజానికి వానిలో పెక్కు సామాన్యమైన ఇంటి మాటలు. కొన్ని వంటింట పుట్టినవి, కొన్ని బజారున పుట్టినవి, ఒకటి పశువుల మేత నుండి, మరొకటి సాలెపురుగు గూటి నుండి వచ్చినవి. వాని పుట్టిల్లు తెలిసినచో అర్థం దానంతటదే తెలియును. అర్థం తెలిసినవానిని మోసగించుట కష్టం.

మొదట 'ఇంటర్నెట్' అను మాటనే చూడవలెను. 'నెట్' అనగా వల. ఒక విద్యాలయంలోనో, కార్యాలయంలోనో కొన్ని కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపినచో అదొక వల. అట్టి వలలను అసంఖ్యాకంగా కలిపిన పెద్దవల ఇంటర్నెట్. తెలుగువారు దీనిని అంతర్జాలమన్నారు. దీనికి మూలమైన ఆర్పానెట్ అను వల అమెరికాలో 1969లో ఆరంభమైనది. ఆ సంవత్సరం అక్టోబరు 29న లాస్ ఏంజిలీస్ నగరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థకు 'లాగిన్' అను మాటను పంపబోగా, 'ఎల్', 'ఓ' అను మొదటి రెండక్షరాలు మాత్రమే చేరినవి. అంతలో అవతలి యంత్రం స్తంభించినది! అనగా నేడు మన పల్లెల్లో వినబడు 'డౌన్' అను మాటకు ఈ వలకున్నంత వయస్సు కలదు. తరువాత వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనువారు వేరువేరు వలలు పరస్పరం మాటాడుకొనుటకు ఒక ఉమ్మడి మర్యాదను రూపొందించి 1974లో ప్రకటించినారు. 1983 జనవరి 1న ఆర్పానెట్ ఆ మర్యాదను స్వీకరించినది. మన దేశంలో సామాన్య ప్రజలకు అంతర్జాలం 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందుబాటులోకి వచ్చినది.

ఈ వలలో సమాచారం ప్రయాణించు తీరు విచిత్రమైనది. నూరు పుటల గ్రంథాన్ని ఊరికి పంపవలసి వచ్చినదనుకొందము. దానిని ఒకే మూటగా కట్టక, పుటలను విడదీసి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క పొట్లంగా చుట్టి, ప్రతి పొట్లం మీద చిరునామాను, వరుస సంఖ్యను వ్రాసి, ఏ దారి ఖాళీగా ఉన్న ఆ దారిని పంపినట్లే ఇదియును. చేరినచోట సంఖ్యలను బట్టి మరల గ్రంథమగును. ఒక పొట్లం దారిలో పోయినచో దానిని మాత్రమే తిరిగి తెప్పించుకొనవచ్చును. ఈ పొట్లాలకు 'ప్యాకెట్' అని పేరు పెట్టినవాడు బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ డేవీస్. ఆయన కావలెనని ఎన్నుకొన్నది ఒక బజారు మాటనే.

'ఇంటర్నెట్' అన్నను, 'వెబ్' అన్నను ఒకటే అని పలువురు తలచెదరు. అది పొరపాటు. ఇంటర్నెట్ రహదారి, వెబ్ ఆ రహదారి మీద నడచు ఒకానొక బండి. ఈమెయిలు మరొక బండి. అది వెబ్ కంటె ముందే నడచినది. 'వెబ్' అనగా సాలెగూడు. జెనీవా సమీపమునగల సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు 1989లో దీనిని ప్రతిపాదించెను. ఒక పత్రంలోని మాటను తాకినంతనే, దానికి సంబంధించిన మరొక పత్రం, అది ఏ దేశపు యంత్రంలో ఉన్నను, కన్నుల ముందు నిలువవలెనని ఆయన సంకల్పం. అట్లు కలుపు దారమే 'లింక్'. దీనికి తెలుగున 'లంకె' అను చక్కని మాట సిద్ధంగా ఉన్నది. లంకెబిందెల కథలు వినని తెలుగు పిల్లవాడు లేడు గదా! ఒక బిందె దొరికినచో రెండవది దాని వెంటనే వచ్చును. వెబ్ పుటలన్నియు ఇట్టి లంకెబిందెలే. ఈ సాధనను ఎవరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చునని సెర్న్ 1993 ఏప్రిల్ 30న ప్రకటించినది. అది ఇంత వేగంగా లోకమంతటా అల్లుకొనుటకు ఈ ఔదార్యం ఒక ముఖ్యకారణం.

ఈ పుటలను చూపు సాధనం 'బ్రౌజర్'. మేకలు ఒక పొద వద్ద రెండు చిగుళ్లు కొరికి, వెంటనే మరొక పొదకు పోవును. ఆ మేతకు ఆంగ్లంలో 'బ్రౌజ్' అని పేరు. పుస్తకాల అంగడిలో ఇటొక పుట, అటొక పుట తిరగవేయుటకు కూడ తరువాత ఆ మాటనే వాడినారు. వెబ్ పుటలను అట్లు తిరగవేయించునది బ్రౌజర్. విద్యార్థులకు ఇందులో ఒక హెచ్చరిక కూడ ఉన్నది. చిగుళ్లు కొరికినంత మాత్రాన కడుపు నిండదు.

ఇక సర్వర్. ఆంగ్లంలో దీనికి వడ్డించువాడని అర్థం. అడిగినవారికి అడిగిన పుటను అందించు కంప్యూటరే సర్వర్. అది ఆకాశంలో ఉండునది కాదు; ఎక్కడనో ఒక గదిలో విద్యుత్తుతో నడచు యంత్రమే. బెర్నర్స్-లీ తన తొలి సర్వరు మీద, ఇది సర్వర్, దీనిని ఆపవలదు అని తెలుపు చీటీని ఎర్రసిరాతో వ్రాసి అంటించుకొనవలసి వచ్చినది. పెండ్లి పందిట్లో పది బంతులు జరుగవలసినచోట అందరూ ఒకేసారి ఆకుల ముందు కూర్చున్నచో వడ్డించువారు ఏమి చేయగలరు? ఫలితాల దినమున జరుగునది అదే. లక్షలమంది ఒకే నిమిషమున అడుగుటచే సర్వర్ ఉక్కిరిబిక్కిరి అగును. వంట కాకపోలేదు, ఫలితాలు ఎక్కడికిని పోలేదు, తరువాతి బంతికి కూర్చున్నచో చాలును. ఇంకొక పరీక్ష కూడ కలదు. ఆ సైటు ఒక్కటే తెరుచుకొనక, తక్కిన సైట్లు తెరుచుకొనుచున్నచో తప్పు వడ్డించువానిది. ఏదియు తెరుచుకొననిచో విందుకు పోవు దారియే తెగినదన్నమాట. ఈ చిన్న వివేకం కలవానికి "సర్వర్ డౌన్" అన్న మాట తీర్పు కాదు; సమాచారం మాత్రమే.

అన్నిటికంటె ముఖ్యమైనది చిరునామా. వలలోని ప్రతి యంత్రానికి ఒక సంఖ్య ఉండును. సంఖ్యలను గుర్తుంచుకొనుట మనుష్యులకు కష్టం కనుక, పేరు చెప్పినచో సంఖ్యను తెలుపు ఏర్పాటును పాల్ మొకపెట్రిస్ 1983లో రూపొందించెను. ఆ పేరే 'డొమైన్'. డొమైన్ అనగా ఏలుబడి, ఒకరి అధికారం సాగు మేర. ఈ పేరు చదువుటలో తెలుగువారు ప్రత్యేకంగా జాగ్రత్త వహింపవలెను. మనకు ఇంటిపేరు ముందు వచ్చును. అందుచే మొదటి మాటను చూడగానే ఫలానావారని నమ్ముట మనకు అలవాటు. డొమైనులో ఇంటిపేరు చివర వచ్చును. ఉత్తరం మీద ఇల్లు, వీధి, ఊరు, జిల్లా అని చిన్నదాని నుండి పెద్దదానికి వ్రాసినట్లే ఇచ్చటను. టపావారి వలె చివర నుండి చదువవలెను. 'బ్యాంకు.బహుమతి.కామ్' అని ఉన్నచో అది బ్యాంకువారిది కాదు. 'బహుమతి' అను పేరు గలవాడు తన పెరటిలో ఒక గదికి 'బ్యాంకు' అని పేరు పెట్టుకొన్నాడు, అంతే. మొదట నుండు జంట వాలుగీతలను విడిచి, ఆ తరువాత వచ్చు మొదటి వాలుగీత వరకు మాత్రమే డొమైన్. దాని వెనుక ఎవరేమి వ్రాసుకొన్నను అది సాక్ష్యం కాదు. మన దేశంలో 'గవ్.ఇన్' అను అంత్యం ప్రభుత్వ సంస్థలకే ఇవ్వబడును. విద్యార్థివేతనం ఇచ్చెదమని వచ్చిన లంకె చివర ఏమున్నదో చూచుటకు పట్టునది అర నిమిషం; చూడక పోగొట్టుకొనునది ఒక్కొక్కప్పుడు ఒక రైతు కుటుంబపు ఏడాది కష్టం.

తాళం బొమ్మ మరొక భ్రమకు మూలం. చిరునామా ప్రక్కన తాళం కనిపించినచో సైటు నమ్మదగినదని అనుకొందురు. తాళానికి అర్థం ఒక్కటే: దారిలో ఎవ్వరును పొట్లం విప్పి చదువలేరని. పొట్లం చేరుచోట కూర్చున్నవాడు దొర యో, దొంగ యో తాళం చెప్పదు. దొంగ ఇంటికి కూడ తాళముండును గదా! ఈ అపార్థం ప్రబలుటచే గూగుల్ సంస్థ 2023లో తన క్రోమ్ బ్రౌజరు నుండి ఆ బొమ్మను తొలగించి వేరొక గుర్తును పెట్టినది.

'కుకీ' అనగా బిస్కట్టు వంటి తినుబండారం. ఇచ్చట మాత్రం పుట్టిల్లు కంటె పని ముఖ్యం. చాకలి ఏ బట్ట ఏ ఇంటిదో తెలియుటకు అంచున గుర్తు పెట్టును. సైటు కూడ, వచ్చినవారిని మరల గుర్తించుటకు వారి బ్రౌజరులో అట్టి గుర్తును ఉంచును. 1994లో లూ మాంటుల్లీ దీనిని ప్రవేశపెట్టెను. సైటు తన పని కొరకు పెట్టు గుర్తు వేరు. మనము ఏయే వీధులు తిరిగినామో లెక్క వ్రాయుటకు ఇతరులు పెట్టు గుర్తు వేరు. "అన్నిటికి సమ్మతి" అను మీటను నొక్కుటకు ముందు ఈ భేదం తెలియవలెను.

ఇంత జాగ్రత్త వహించియు ఎవరైనను మోసపోయినచో, సిగ్గుపడి దాచుట తగదు. వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపినచో సొమ్ము చేయి దాటకుండ ఆపుటకు అంత అవకాశం.

ఇక సర్వరును సర్వర్ అనవలెనా, మరొక తెలుగు పేరు పెట్టవలెనా అను వివాదం పండితులది. అంతర్జాలం, లంకె వంటివి ప్రజల నోట నిలిచినవి. బ్రౌజర్, సర్వర్ అట్లే నిలిచినవి. రైలు, పోస్టు తెలుగైనట్లు ఇవియు తెలుగగును. మాట పరాయిదైనను అర్థం మాత్రం మనదై ఉండవలెను. 1991లో యూనికోడ్ తెలుగు లిపికి 128 స్థానాలను కేటాయించినది. 2003లో తెలుగు వికీపీడియా ఆరంభమైనది. నేడు 'భారత్' అను అంత్యాన్ని తెలుగు లిపిలోనే వ్రాయుటకు వీలున్నది. లిపికి వలలో చోటు దొరికినది. బోధకు బడిలో చోటు దొరకవలసి ఉన్నది.

ఉపాధ్యాయులు ఒక దినం పాఠం చివర పది నిమిషాలు మిగిల్చి, "సర్వర్ డౌన్ అనగా ఏమి?" అని తరగతిని అడిగి చూడవచ్చును. విందు, పొట్లం, లంకె, ఇంటిపేరు అను నాలుగు మాటలతో ఆ పాఠం ముగియును. మరునాటి ఫలితాల దినమున ఆ పిల్లలలో ఒకడైనను, నిట్టూర్చి లేవబోవుచున్న తండ్రితో "కూర్చో నాన్నా, ఇది మొదటి బంతి" అని చెప్పగలిగినచో ఆ పది నిమిషాలు సార్థకం.