నలుగురి మాటా? దేవుడి మాటా? రామానుజన్ ఓడ ఎక్కిన కథ

ఈరోజు టాపిక్ చాలామందికి లోపల నలిగే విషయం. చదువో, ఉద్యోగమో, పెళ్లో... నలుగురూ ఒక దారి చెప్తారు. మనకేమో దేవుడు ఇంకో దారి చూపిస్తున్నాడు అనిపిస్తుంది. ఎటు వెళ్లాలి?

నేను ఉపన్యాసం ఇవ్వను. మనందరికీ తెలిసిన ఒక మనిషి కథ చెప్తాను. గణిత మేధావి శ్రీనివాస రామానుజన్.

1913 జనవరి. వయసు 25. మద్రాస్ పోర్ట్ ట్రస్ట్‌లో గుమస్తా, జీతం నెలకి 30 రూపాయలు. కేంబ్రిడ్జ్‌లో ఉన్న హార్డీ అనే గణిత పండితుడికి తన ఫార్ములాలు రాసి పంపాడు. అవి చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. ఇంగ్లాండ్ వచ్చేయమన్నాడు.

మనమైతే ఆ రోజే బ్యాగ్ సర్దేస్తాం కదా! రామానుజన్ మాత్రం రానన్నాడు.

ఎందుకంటే ఆ రోజుల్లో సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబాల్లో సముద్రం దాటడం అంటే కులం పోగొట్టుకోవడమే. అప్పటి పెద్దల మాట, లోకం మాట అది. తల్లి కోమలతమ్మాళ్ అస్సలు ఒప్పుకోలేదు.

వాళ్ల ఇలవేల్పు నామక్కల్‌లోని నామగిరి తాయారు. ఆ దేవత తల్లి కలలోకి వచ్చి, నీ కొడుక్కి అడ్డుపడకు అని చెప్పిందంటారు. రామానుజనే నామక్కల్ గుడిలో మూడు రాత్రులు పడుకున్నాక దారి దొరికిందని ఇంకో కథనం. ఏదైతేనేం, 1914 మార్చి 17న ఓడ ఎక్కాడు.

ఇందులో మనం గమనించాల్సినవి మూడు ఉన్నాయి.

ఒకటి. కల ఎవరికి వచ్చిందని చెప్తారు? వెళ్లాలని ఉన్నవాడికి కాదు, వద్దన్న తల్లికి! మన కోరికే మనకి దైవవాక్కులా వినిపిస్తే కొంచెం ఆగాలి. కాదన్నవాళ్ల మనసు కూడా మారుతుంటే, అప్పుడు ఆలోచించాలి.

రెండు. నమ్మకం ఉందని పని ఆగలేదు. కేంబ్రిడ్జ్ నుంచి నెవిల్ అనే లెక్చరర్ మద్రాస్ వచ్చి మాట్లాడాడు. మద్రాస్ యూనివర్సిటీ ఏడాదికి 250 పౌండ్ల స్కాలర్‌షిప్ ఇచ్చింది. అక్కడికి వెళ్లాక కూడా అంతే. ఫార్ములాలు అమ్మవారి దయ అని రామానుజన్ నమ్మేవాడు. హార్డీ నాస్తికుడు, ఆయన అడిగింది ప్రూఫ్. ప్రధాన సంఖ్యల మీద రామానుజన్ ముందు రాసిన కొన్ని మాటలు తప్పని కూడా తేలింది. కాబట్టి దేవుడిచ్చాడు అనుకున్నదాన్ని కూడా కూర్చుని సరిచూసుకోవాల్సిందే.

మూడు. ఇదే అసలైన కష్టం. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. కానీ ఇంగ్లాండ్‌లోనే జబ్బు పడ్డాడు. 1919లో తిరిగొచ్చాడు, 1920 ఏప్రిల్ 26న వెళ్లిపోయాడు. 32 ఏళ్లే. అంటే ఆ దారి తప్పా? పోర్ట్ ట్రస్ట్‌లోనే ఉండి ఉంటే ఇంకొన్నాళ్లు బతికేవాడేమో, ఎవరూ చెప్పలేరు. ఒకటి మాత్రం నిజం. దేవుడు దారి చూపించాడు అంటే ఆ దారిలో ముళ్లు ఉండవని కాదు.

అందుకే రిజైన్ లెటర్ టైప్ చేసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది నా కోరికేనా? నా వంతు పని చేశానా? కష్టం వచ్చినా ఈ దారిలో నిలబడతానా? మూడింటికీ నిజాయితీగా జవాబు దొరికితే, నలుగురికీ దండం పెట్టి ముందుకు వెళ్లండి.

మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.