కూరగాయల బండి వేడెక్కుతోందా? టెంపరేచర్ ముల్లు ఎప్పుడు లేస్తోందో గమనించండి



శంకరపల్లి, చేవెళ్ల వైపు నుంచి కూరగాయలు, ఆకుకూరలు పాత కారులోనో చిన్న ట్రాలీ బండిలోనో వేసుకొని కొండాపూర్‌కు తెచ్చి అమ్ముకునే వారికి ఇది తెలిసిన బాధే. ఊరి రోడ్డు మీద బండి బాగానే వస్తుంది. కొత్తగూడ కూడలిలో ఆఫీసుల రద్దీలో ఇరుక్కోగానే మీటరులో టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. బండి కదిలితే దిగుతుంది. దిగింది కదా అని వదిలేస్తే ఏదో ఒకరోజు బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. ఎండకు కొత్తిమీర, పాలకూర వాడిపోతాయి. ఇంజన్ హెడ్ వంగితే సీజన్ లాభమంతా మరమ్మతుకే పోతుంది.

ఆకు పసుపు రంగుకు తిరిగితే ముందు ముదురాకా, లేతాకా చూడమంటాం. ముదురాకైతే నత్రజని లోపం కావచ్చు, లేతాకైతే ఇనుము లోపం కావచ్చు. ఇక్కడా అంతే. ముల్లు ఎప్పుడు లేస్తోందో చూస్తే లోపం ఎక్కడుందో చాలా వరకు తెలుస్తుంది. చూడకుండా సామాన్లు మార్చితే డబ్బు దండగ.

ఇంజన్ ఎలా చల్లబడుతుంది?

వాటర్ పంపు కూలెంట్‌ను ఇంజన్ చుట్టూ తిప్పుతుంది. ఇంజన్ సుమారు 80 నుంచి 90 డిగ్రీల వేడికి చేరాక థర్మోస్టాట్ తెరుచుకొని కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదులుతుంది. బండి పరుగెడుతుంటే ఎదురుగాలి, ఆగి ఉంటే ఫ్యాను దాన్ని చల్లబరుస్తాయి. రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ మూత లాంటిది. లోపల ఒత్తిడి నిలబెట్టి, 100 డిగ్రీలు దాటినా కూలెంట్ మరగకుండా ఆపుతుంది.

ముల్లు తీరును బట్టి లోపం

1. ఆగితే లేచి, కదిలితే దిగితే: ముందు ఫ్యానును అనుమానించండి. ఏసీ ఉన్న చాలా కార్లలో ఏసీ వేయగానే ఫ్యాను తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు చూపించండి. ఫ్యూజు పోతే అదే ఆంపియర్ ఫ్యూజు వేయండి. మోటారు స్టార్టర్‌కు చుట్టినట్టు రాగి తీగ చుట్టకండి, వైరింగ్ కాలిపోతుంది.

2. లోడుతోనో, ఎత్తు ఎక్కేటప్పుడో, వేగంలోనో లేస్తే: రేడియేటర్ పూడిపోయి ఉండవచ్చు, లేదా వాటర్ పంపు, బెల్టు బలహీనపడి ఉండవచ్చు.

3. దారి పొడవునా నిమిషాల తేడాతో లేస్తూ దిగుతూ ఉంటే: కూలెంట్ తగ్గిందేమో చూడండి. సరిపడా ఉంటే పైపుల్లో గాలి చిక్కుకుని ఉండవచ్చు, లేదా థర్మోస్టాట్ పట్టేస్తూ ఉండవచ్చు.

4. ఎంత దూరం నడిపినా ముల్లు కిందే ఉంటే: థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయి ఉండవచ్చు. డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది.

5. గుంతలో పడ్డప్పుడో, లైట్లు వేసినప్పుడో ఒక్కసారిగా ఎగిరితే: ఇంజన్ వేడి క్షణంలో మారదు. సెన్సార్ వైరు, ఎర్త్ కనెక్షన్ చూపించండి.

6. కూలెంట్ తరచూ మాయమవుతూ తెల్లటి పొగ వచ్చినా, ఆయిల్ పుల్ల మీద మజ్జిగ లాంటి నురుగు కనిపించినా: హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. ఆ బండిని నడపకండి, మెకానిక్ దగ్గరికి లాగించుకెళ్లండి.

తక్కువ ఖర్చు పనులు ముందు

• తెల్లవారుజామున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూడండి. తగ్గితే పైపులు, క్లిప్పులు, బండి కింద తడి వెతకండి.
• రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న దుమ్ము, పురుగులు, పొట్టును ఇంజన్ వైపు నుంచి సన్నటి నీటి ధారతో కడగండి. కోత తర్వాత ట్రాక్టరుకూ ఇది చేయాలి.
• బోరు నీళ్లు పోయకండి. వాటిలోని లవణాలు టీ గిన్నెలో తెల్లపొర కట్టినట్టు లోపల గట్టిపడతాయి. బండి పుస్తకంలో చెప్పిన కూలెంట్‌ను, అది చెప్పిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి వాడండి.
• రబ్బరు వదులైన మూతను మార్చండి. థర్మోస్టాట్ కంటే ముందు చూడాల్సింది ఇదే.
• కూలెంట్ మార్చాక లోపలి గాలి తీయించండి. లేకపోతే ముల్లు మళ్లీ ఆడుతుంది.

దారిలో ముల్లు ఎర్ర గీతకు చేరితే

ఏసీ ఆపండి. హీటరు ఉంటే పూర్తిగా వేయండి, కొంత వేడి బయటికి పోతుంది. బండిని పక్కకు తీసి ఇంజన్ ఆపండి. కనీసం అరగంట నుంచి ముప్పావుగంట ఆగండి. వేడిగా ఉండగా మూత తిప్పితే మరుగుతున్న కూలెంట్ ముఖం మీదికి చిమ్ముతుంది. వేడి ఇంజన్ మీద చన్నీళ్లు పోస్తే ఇనుము పగలవచ్చు. కూలెంట్ పూర్తిగా కారిపోతే సెన్సార్‌కు అందదు, ముల్లు కిందికి పడిపోవచ్చు. ముల్లు దిగినా కాలిన వాసన వస్తుంటే వెంటనే ఆపేయండి.

పశువులున్న ఇళ్లవారు జాగ్రత్త

చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. పశువులు, కుక్కలు నాకితే ప్రాణానికే ప్రమాదం. పాత కూలెంట్‌ను కొట్టం దగ్గర, కాలువలో పారబోయకండి. మూతున్న డబ్బాలో పట్టి గ్యారేజీలో ఇవ్వండి.

మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు "బండి వేడెక్కుతోంది" అని మాత్రమే చెప్పకండి. ముల్లు ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది, కూలెంట్ ఎంత తగ్గింది, మూడు రోజులు రాసుకొని ఆ కాగితం చూపించండి. లోపం త్వరగా దొరుకుతుంది, అక్కర్లేని సామాను ఖర్చు తప్పుతుంది.