కార్బన్ మోజు సరే... కొలతలు చూశారా?

కోరుట్ల నుంచి జగిత్యాల దాకా పొద్దున్నే రోడ్ సైకిల్ మీద వెళ్లాలని సరదా. మనసేమో కార్బన్ ఫ్రేమ్ మీద, జేబులో ఉన్నదేమో సగం డబ్బే! మరెలా?

ముందు కంపెనీ ఇచ్చే జామెట్రీ పట్టిక చూడండి. పెడళ్ల ఇరుసు నుంచి హ్యాండిల్ దిగే గొట్టం పైఅంచు ఎంత ఎత్తులో ఉందో చెప్పేది ‘స్టాక్’, ఎంత ముందుకు ఉందో చెప్పేది ‘రీచ్’. ఉదాహరణకు ఒకదాని స్టాక్ 560, రీచ్ 380 మి.మీ., రెండోదానివి 540, 390 అనుకుందాం. రెండోదాని మీద నడుం ఎక్కువ వంగుతుంది. రెండిటి మీదా ‘మీడియం’ అనే రాసి ఉండొచ్చు, మోసపోకండి!

చవగ్గా వస్తోందని పాత కార్బన్ ఫ్రేమ్ కొనేద్దామా? తొందరొద్దు. సిరిసిల్ల నేతన్నలకు తెలిసినట్టే పోగు బలమంతా దాని పొడవునే. కార్బన్ పోగులను పొరలుగా పేర్చి, రెజిన్‌తో అతికిస్తారు. దెబ్బ తగిలి లోపల పొర విడినా పైకి కనిపించకపోవచ్చు.

అదే కొలతల అల్యూమినియం ఫ్రేమ్‌కి కార్బన్ ఫోర్క్ ఉన్నది దొరికితే తీసుకోండి. కాస్త బరువుంటే ఏం? పోటీ సైకిలే 6.8 కిలోలకు తగ్గకూడదన్నది అంతర్జాతీయ నిబంధన. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు, హెల్మెట్ కొనుక్కోండి. నడుం నొప్పి లేకుండా ఇంటికొస్తే అంతకన్నా ఏం కావాలి!