మర్రిగూడ పెరటిలో కంద



మర్రిగూడ వైపు గ్రామములలో "కంద వేయుదురా?" అని అడిగినచో "కందగడ్డ మాకు తెలియనిదా?" అని నవ్వుదురు. వారు తలచునది తీగ పారెడు చిలగడదుంప. నేను చెప్పబోవునది వేరు. ఇది చామగడ్డ కుటుంబమునకు చెందిన పెద్ద దుంప. గోదావరి జిల్లాలలో కొబ్బరితోటల నీడను కూడ విరివిగా పండును. మన మెట్టలో మాత్రము అరుదు.

ఈ మొక్కను గూర్చి మొదట ఒక సంగతి తెలిసికొనవలెను. మీకు కాండమువలె కనిపించునది కాండము కాదు, ఆకు కాడ. పైన గొడుగువలె విచ్చుకొన్నదంతయు ఒకే ఆకు. దుంప ఊరుటకు కావలసిన ఆహారమంతయు దాని నుండియే రావలెను. పశువులు తొక్కి కాడ విరిగినచో ఆ గుంట పంట చాలవరకు పోయినట్లే. కావున ముందు కంచె, తరువాత కంద.

రెండవ సంగతి విత్తనము ఖర్చు. 90 సెంటీమీటర్ల ఎడముతో ఎకరమునకు సుమారు 5,000 గుంటలు పట్టును. గుంటకు అరకిలో ముక్క చొప్పున 25 క్వింటాళ్ల దుంపలు కావలెను. అప్పు చేసి ఇంత విత్తనము కొనవద్దు. మొదటి సంవత్సరము రెండు కిలోల దుంప ఒకటి కొని, ప్రతి ముక్కకు నడినెత్తిన ఉన్న మొలక భాగము కొంత వచ్చునట్లు, 100 గ్రాముల చొప్పున 20 ముక్కలు కోయుడు. వానిని 60 × 45 సెంటీమీటర్ల ఎడముతో మడిలో నాటినచో మరుసటి ఏటికి విత్తనపు దుంపలు ఇంటనే సిద్ధమగును. కొవ్వూరు పరిశోధన స్థానము నుండి వచ్చిన 'గజేంద్ర' రకము దురద తక్కువగా ఉండి, కూరకు బాగుండును.

ముక్కలను పలుచని పేడనీటిలో ముంచి నీడన ఆరబెట్టవలెను. ఆ పేడనీటిలో కిలో విత్తనమునకు 5 గ్రాముల ట్రైకోడెర్మా కలిపినచో కుళ్లు తగ్గును. వేసవి చివర నాటుడు. నీరు నిలువని ఎర్ర చల్క నేల పనికివచ్చును. రెండవ ఏట 60 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల లోతు గుంటలు తీసి, పైమట్టితో రెండు కిలోల మాగిన పశువుల ఎరువు కలిపి నింపి నాటవలెను.

మర్రిగూడ అనగానే ఫ్లోరైడు నీరు గుర్తుకు వచ్చును. బోరు నీరు మనకు పొదుపుగా వాడవలసినది. కంద వాననే నమ్ముకొను పంట కాదు. తడి ఇవ్వగలిగినంత మేరకే వేయుడు. నాటిన వెంటనే ఎండుటాకులు, వరిగడ్డి మందముగా కప్పినచో తడి ఆరదు, కలుపు పెరుగదు. అట్లని నీరు నిలువనీయరాదు. నీరు నిలిచినను, పారతో మొదలు గాయపడినను మొదలు కుళ్లు తెగులు వచ్చి ఆకు ఒరిగిపోవును. అట్టి మొక్కను వెంటనే పెరికి దూరముగా పారవేయవలెను.

ఎనిమిది, తొమ్మిది నెలలకు ఆకు పసుపుబారి వాలిపోవును. దీనిని చూచి మొక్క చచ్చుచున్నదని భయపడి నీళ్లు పోయువారు ఉన్నారు. అది తెగులు కాదు, పంట పండిన గుర్తు. అప్పుడు తడి ఆపి, దెబ్బ తగులకుండ త్రవ్వుడు. విత్తనమునకు ఉంచినవానిని గాలి ఆడెడు నీడలో ఒక వరుసగా పరువవలెను.

బాగుగా ఎదిగిన దుంప ఒక్కొక్కప్పుడు ఆకు రాకముందే నేలనంటి పెద్ద పువ్వు పూయును. కుళ్లిన మాంసపు వాసన కొట్టును. ఇది అరిష్టము కాదు. ఆ వాసనతో ఈగలను, పురుగులను పిలిచి పరాగము పంచుకొనుట దీని స్వభావము. 1878లో ఇటలీ శాస్త్రజ్ఞుడు ఒడోర్డో బెక్కరి సుమత్రా అడవులలో కనుగొన్న, మనిషికన్న ఎత్తు పూయు పువ్వు దీని బంధువే.

వండునప్పుడు చేతులకు నూనె రాచుకొని, చింతపండు పులుసులో బాగుగా ఉడికించినచో గొంతు దురద ఉండదు.

గ్రామాధికారులు ఊరికి ఒకరిద్దరి పెరటిలో ఈ మడి వేయించి, త్రవ్వునాడు పదిమందిని పిలిచి చూపుదురు గాక. ఆ మడి విజయవంతమైనచో విత్తనము ఊరిలోనే దొరకును. ఎవరును అప్పు చేయనక్కరలేదు.