చిత్రనగరిలో ఒక పగలు

కార్తికమాసపు వనభోజనాలు ముగిసి చలి కొంచెం ముదిరేసరికి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పాఠశాలలలోను, మహిళా సంఘాలలోను ఒక ప్రస్తావన తప్పక వస్తుంది. ఈ ఏడు బస్సు మాట్లాడుకొని రామోజీ ఫిల్మ్ సిటీ చూచి రావలెనని. తలకు ఇంతయని వేసుకుంటారు. కూలికి పోయే కుటుంబానికి ఇది చిన్న ఖర్చు కాదు. బస్సు కిరాయి, ప్రవేశ రుసుము, పోయిన ఒకనాటి కూలి, పిల్లలు దారిలో అడిగే చిరుతిండి, అన్నీ కలిపి చూచుకొని ముందునుండే కొంత కొంత కూడబెట్టుకునేవారు ఉన్నారు. అట్లా వెళ్ళి వచ్చినవారిని ఏమి చూచారని అడిగితే, పలువురు చెప్పే జవాబు ఒకటే: "ఏమున్నది, అంతా ఉత్తదే, వెనుకకు పోయి చూస్తే కట్టెలు, అట్టలు."

ఆ మాట నిజమే. అయితే ఆ ఉత్తదనాన్ని కట్టడానికి ఎంత నేర్పు కావలసివచ్చినదో తెలుసుకొని రావడమే అక్కడికి పోయినందుకు ఫలం. దానికి కన్ను ఒక్కటి చాలదు, చెవి కూడా కావలెను. రేడియోలో పనిచేసే మనిషి ఇట్లా అనక మరేమంటాడని మీరు నవ్వవచ్చును. కాని కొంచెం ఓపిక పట్టండి.

ముందు స్థలం సంగతి. హైదరాబాదు నుండి విజయవాడ పోయే జాతీయ రహదారి మీద, అబ్దుల్లాపూర్‌మెట్ మండలం అనాజ్‌పూర్ దగ్గర ఈ చిత్రనగరి ఉన్నది. 1996లో చెరుకూరి రామోజీరావుగారు దీనిని నెలకొల్పారు. ఆయన 2024 జూన్ 8న కన్నుమూశారు. నగర రూపకల్పన చేసినవారు కళాదర్శకులు నితీష్ రాయ్. 1,666 ఎకరాల విస్తీర్ణంతో ప్రపంచంలోకెల్లా పెద్ద చిత్ర నిర్మాణ సముదాయంగా గిన్నిస్ గ్రంథానికెక్కినది. ఎకరాల లెక్క వింటే కొందరికి అందదు. చెరువు క్రింద రెండెకరాల మడి ఉన్న రైతు తన పొలాన్ని ఎనిమిది వందల ముప్పదిమార్లు పరచి చూచుకుంటే సరిపోతుంది.

నల్గొండ నుండి వెళ్ళేవారికి దారి సులువు. నార్కట్‌పల్లి దగ్గర పెద్ద రోడ్డెక్కి, చిట్యాల, చౌటుప్పల్ దాటితే, హైదరాబాదులో అడుగుపెట్టకుండానే గమ్యం వస్తుంది. మొత్తం దాదాపు 75 కిలోమీటర్లు. చౌటుప్పల్ 2016 అక్టోబరు వరకు నల్గొండ జిల్లాలోనిదే, పునర్విభజనలో యాదాద్రి భువనగిరి జిల్లాకు పోయినది. అక్కడ ఇంటింటికి నల్లా నీటి పథకానికి 2015లో ఆవిష్కరించిన పైలాన్ ఉన్నది. ఫ్లోరిన్ నీరు త్రాగి ఎముకలు వంగిన తరాన్ని ఎరిగిన మనవారు బస్సులో నుండి దానిని పిల్లలకు చూపితే మంచిది. సినిమా సెట్టు చూడబోయే ముందు కళ్ళబడవలసిన కట్టడమది.

పాలమూరువారికి దారి కొంచెం పొడుగు. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా శంషాబాదు చేరి, అక్కడ బాహ్యవలయ రహదారి ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి, విజయవాడ దారి పట్టవలెను. సుమారు 130 కిలోమీటర్లు అవుతుంది. ఊరి మధ్యగా పోదామని డ్రైవరు అన్నా ఒప్పుకోవద్దు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ రద్దీలో గంటన్నర పోతే లోపల ఒక ప్రదర్శన పోయినట్లే. ద్వారాలు తెరిచేది ఉదయం తొమ్మిది గంటల వేళకు. ప్రదర్శనలు వేళలు కట్టి నడుస్తవి, అవి మనకోసం ఆగవు. కాబట్టి నల్గొండ బస్సు ఆరున్నరకు, మహబూబ్‌నగర్ బస్సు ఐదున్నరకు కదలక తప్పదు. మన బస్సు బయటి ద్వారం దగ్గరనే నిలిచిపోతుంది. అక్కడినుండి లోపలికి కొన్ని కిలోమీటర్ల దూరం వారి బస్సులే తీసుకొనిపోతవి.

ఇక అందరూ అడిగే ప్రశ్న: షూటింగు కనబడుతుందా? కనబడకపోవచ్చును. వందల మంది జనం మధ్య ఎవరూ చిత్రం తీయరు. కాని ఒకప్పుడు తీసేవారు. ఆ కథ వినదగినది.

1915 మార్చి 15న అమెరికాలో, లాస్ ఏంజెలెస్ దాపున, కార్ల్ లేమ్లీ అనే నిర్మాత యూనివర్సల్ సిటీ అనే చిత్రనగరాన్ని ప్రారంభించాడు. పాతిక సెంట్లు ఇచ్చినవారిని లోపలికి రానిచ్చి, మెట్ల మీద కూర్చుండబెట్టి, జరుగుతున్న చిత్రీకరణను చూపించాడు. ఆ పైకానికే పొట్లం కట్టిన భోజనం కూడా ఇచ్చేవారట. జనం నాయకుణ్ణి చూచి చప్పట్లు కొట్టేవారు, దుష్టుణ్ణి చూచి కేకలు వేసేవారు. ఎవరికీ నష్టం లేదు. ఏలననగా అవి మూకీ చిత్రాలు. కెమేరాకు చెవులు లేవు. 1920ల చివర చిత్రాలకు మాట వచ్చినది. ఒక దగ్గు, ఒక పసిబిడ్డ ఏడుపు పడితే తీసిన దృశ్యం పాడయ్యేది. ఆ మెట్లు తీసివేశారు, ద్వారాలు మూశారు. మరల 1964లో గాని యూనివర్సల్ వారు ప్రేక్షకులను ట్రాముబండ్లలో ఎక్కించి తిప్పలేదు. అప్పటికి కూడా వారు చూపినది చాలావరకు చిత్రీకరణను కాదు, చిత్రీకరణ ఎట్లా చేస్తారో దానిని. నేడు అనాజ్‌పూర్ దగ్గర ఎర్రబస్సు ఎక్కి, మైకు పట్టిన మార్గదర్శి మాటలు వింటూ సెట్ల మధ్య తిరిగే మన యాత్ర ఆ ట్రాముబండి సంతతిలోనిదే. చూడవచ్చిన జనాన్ని వెళ్ళగొట్టినది శబ్దమన్న మాట.

ఎర్రబస్సు లోపలి వీధులలో పోతుంటే విమానాశ్రయం, రైల్వేస్టేషను, గుడి, జైలు, లండను వీధి ఒకదాని వెంట ఒకటి వస్తవి. ఒకే కట్టడం ఒకవైపు ఆసుపత్రిగా, మూల తిరిగితే మరొక కార్యాలయంగా కనబడుతుంది. పేరుపలక మారిస్తే ఊరే మారుతుంది. ఇందులో మోసం ఏమున్నదని ఆలోచిస్తే, కెమేరాకు ఒకే కన్ను. ఆ కన్ను నిలిచినచోటికి ఏది కనబడుతుందో అది కట్టితే చాలు. కనబడని గోడకు ఇటుక పెట్టడం డబ్బు పారబోసుకోవడమే.

మరి నిజమైన చోటనే తీయరాదా? తీయవచ్చును. కాని జనం మూగుతారు, వెలుతురు మన చేతిలో ఉండదు, వాహనాలు ఆగవు. 2003లో విడుదలైన 'ఒక్కడు' చిత్రానికి, నిజమైన చార్మినారు ఊరి నడుమనే ఉండగా, హైదరాబాదు శివారులో మరొక చార్మినారు కట్టవలసివచ్చినది ఇందువల్లనే. అంతకు ముందు తరంలో, 1957 నాటి 'మాయాబజార్' కోసం కళాదర్శకులు గోఖలే, కళాధర్ గారలు ద్వారకా నగరాన్ని చూపడానికి యాభై అడుగులకు అరవై అడుగుల స్థలంలో సుమారు మూడు వందల చిట్టి ఇళ్ళను పేర్చి, వాటిలో విద్యుద్దీపాలు వెలిగించారు. మన తాతలు ఆ ద్వారకను చూచి నమస్కరించారు. ఆ పనితనానికి వంశజమే మీరు చూడబోయే మాహిష్మతి. 2015లోను, 2017లోను విడుదలైన 'బాహుబలి' రెండు భాగాల కోసం సాబు సిరిల్ గారి నిర్వహణలో తయారైన ఆ సెట్టు నేడు యాత్రికులకు ఒక ముఖ్య ఆకర్షణ.

ఇక్కడ చెవికి మొదటి పని. తాకవద్దని వ్రాసి లేని చోట ఏదైనా ఒక సెట్టు స్తంభాన్ని వ్రేలి కణుపుతో తట్టి చూడమని పిల్లలకు చెప్పండి. కంటికి నల్లరాయి, చెవికి డొల్ల. ప్లైవుడ్డు ఒక విధంగా, ప్లాస్టరు మరొక విధంగా, ఫైబరు ఇంకొక విధంగా పలుకుతవి. బండల మధ్య పుట్టిన మనకు ఈ పరీక్ష క్రొత్త కాదు. సుత్తి వేసి మోగుడును బట్టి రాతిలో పగులు ఉన్నదీ లేనిదీ చెప్పే వడ్డెరలు మన ఊళ్ళలో ఉన్నారు.

ఆ మాటకు వస్తే, నిజమైన రాతితోనే కంటిని భ్రమింపజేసిన శిల్పులు కూడా మనకు కలరు. నల్గొండను ఆనుకొనియున్న పానగల్లులో కందూరు చోడుల కాలపు ఛాయా సోమేశ్వరాలయం ఉన్నది. గర్భగుడిలో లింగం వెనుక గోడమీద స్తంభం వంటి నీడ ఒకటి పగలంతా కదలక నిలిచి ఉంటుంది. అది ఏ ఒక్క స్తంభపు నీడయూ కాదు. పలు దిక్కుల నుండి లోపలికి వచ్చే వెలుగు మండప స్తంభాల నడుమ చెదరి, చేరి, ఆ ఛాయను ఏర్పరుస్తుంది. సూర్యుడు జరుగుతున్నా నీడ జరగదు. చిత్రనగరికి పోయే పిల్లలకు అంతకు ముందటి ఆదివారం దీనిని చూపితే, వెలుతురును పనిముట్టుగా వాడడమంటే ఏమిటో ఉపన్యాసం లేకుండానే తెలుస్తుంది. ఖర్చు కూడా స్వల్పం.

నన్నడిగితే, చిత్రనగరిలో అన్నిటికంటె విలువైనది తోటలు కావు, ఆటబండ్లు కావు. చిత్ర నిర్మాణాన్ని చూపించే ప్రదర్శన. ప్రేక్షకులలో నుండి ఇద్దరు ముగ్గురిని పిలిచి, కదలని బండిలో కూర్చుండబెట్టి, బండి పరుగెత్తుతున్నట్లు నటింపజేస్తారు. తరువాత మరికొందరి చేత శబ్దాలు చేయిస్తారు. చివరకు రెండూ కలిపి తెరమీద చూపితే, కదలని బండి దుమ్ము రేపుతూ పారిపోతున్నది! వెనుక కదిలే దృశ్యాన్ని చేర్చడం సగం పని. గుర్రపు డెక్కల చప్పుడు చేర్చినప్పుడు గాని మన మనస్సు ఒప్పుకోదు.

ఈ విద్య పేరు ఫోలీ. యూనివర్సల్‌లోనే పనిచేసిన జాక్ ఫోలీ అనే ఆయన 1929 నాటి 'షో బోట్' చిత్రానికి, తెరమీది బొమ్మను చూస్తూ, దానికి సరిగా అడుగుల చప్పుడు, చేతుల చప్పుడు చేసి చేర్చాడు. ఆయన పేరే విద్యకు నిలిచినది. రేడియో నాటకం మాత్రం మొదటినుండి ఈ విద్య మీదనే బ్రతికినది. మీరు మీ ఇంట్లో కూర్చుండి విన్న అశ్వదళాలన్నీ రెండు కొబ్బరిచిప్పలే. తగులబడిన లంక, మైకు దగ్గర నలిపిన పలుచని కాగితం. ఉరుము, పైనుండి వ్రేలాడదీసి ఊపిన రేకు. వాన, జల్లెడలో దొర్లించిన ఎండు శెనగలు. నిజమైన వానను మైకు దగ్గర పట్టి చూస్తే నూనెలో అప్పడం వేగినట్లు ఉంటుంది. వినేవారికి కావలసినది వానను పోలిన శబ్దం కాదు, వాన అని నమ్మించే శబ్దం.

ఆ ప్రదర్శనలో శబ్దాలు చేయడానికి ఎవరైనా రండని పిలిచినప్పుడు మన పల్లెల పిల్లలు వెనుక వరుసలలో తల దించుకుంటారు. పట్టణపు పిల్లలు ముందుకు ఉరుకుతారు. వెంట వెళ్ళిన ఉపాధ్యాయులు ఒకరిద్దరిని ముందుగానే సిద్ధం చేసి, ముందు వరుసలో కూర్చుండబెట్టవలెను. నలుగురి ఎదుట రేకు ఊపి ఉరుము పుట్టించిన పిల్లవాడు దానిని జన్మలో మరచిపోడు.

శబ్దంలో మరొక భాగం మాట. తెలుగు టాకీలకు మొదటిదైన 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చినప్పుడు నటులు తమ పాటను, మాటను తామే మైకు ముందు పలికేవారు. ఆ తరువాత పాట నేపథ్య గాయకులకు, మాట చాలవరకు డబ్బింగు గదికి పోయినవి. తెరమీద పెదవులు ఒకరివి, వినబడే గొంతు మరొకరిది కావచ్చును. ఇందులో తప్పు లేదు. నేను బాధపడేది వేరొకదానికి. ఆ గదిలో కూర్చుండి ఏ పాత్రకు ఏ యాస ఇవ్వవలెనో నిర్ణయించినవారు చాలాకాలం మన జిల్లాల పలుకును దుష్టుని అనుచరునికో, నవ్వించే పనివానికో కేటాయించారు. నాయకుడు నాయికతో "ఏం జేస్తున్నవ్" అని అడిగిన చిత్రాలు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని. దేవరకొండలోనో, నారాయణపేటలోనో సినిమా చూచిన పిల్లవాడు తన తల్లి మాట్లాడే మాటకు హాలంతా నవ్వితే ఏమనుకొని ఉంటాడు?

ఇది ఇటీవల మారినది. 2017 నాటి 'ఫిదా'లో నాయిక సాయిపల్లవి, మాతృభాష తెలుగు కాకపోయినా, తెలంగాణ పలుకును నేర్చుకొని తన గొంతుతోనే చెప్పినది. 2023లో వచ్చిన 'బలగం'లో ఇల్లంతా, ఊరంతా అదే మాట. హాలు నవ్వినచోట పాత్రను చూచి నవ్వినది, పలుకును చూచి కాదు. డబ్బింగు ఎట్లా జరుగుతుందో చూచి వచ్చిన పిల్లలను, తిరుగు ప్రయాణంలో బస్సులో ఈ సంగతి మీద మాట్లాడించి చూడండి. పాఠశాలలోకంటె బాగా మాట్లాడుతారు.

మిగిలిన వినోదాల గురించి పెద్దగా చెప్పను. సాహస ప్రదర్శనలు, నృత్యాలు, పక్షుల ఉద్యానం, సీతాకోకచిలుకల ఉద్యానం, చీకటి గుహలు, చిన్నపిల్లల రంగులరాట్నాలు ఉన్నవి. ఎవరికి నచ్చినది వారు చూస్తారు. అన్నీ చూచి తీరవలెనని పరుగెత్తితే ఏదీ చూడనట్లే అవుతుంది. పొద్దున ప్రదర్శనలు, మధ్యాహ్నం బస్సులో సెట్లు, ఎండ తగ్గినాక తోటలు అనుకుంటే కాళ్ళకు కొంత సుఖం. ముసలివారికి నడక ఎక్కువే. క్రొత్త చెప్పులు తొడుక్కొని రావద్దని ముందే చెప్పండి. తప్పిపోతే కలుసుకునే చోటు ఒకటి లోపలికి పోగానే అందరికీ చూపించి, చిన్నపిల్లల జేబులో పెద్దవారి ఫోను నంబరు వ్రాసిన చీటీ ఉంచండి. వేసవిలో మాత్రం ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. మన మెట్ట బండల ఎండ ఎటువంటిదో మీకు చెప్పనక్కరలేదు.

ఒక ముఖ్యమైన జాగ్రత్త మిగిలినది. మనలో చాలమంది అభిమానం కొద్దీ డ్రైవరుకు కూడా టిక్కెట్టు కొని లోపలికి తీసుకొనిపోతారు. తెల్లవారుజామున లేచిన మనిషి పగలంతా మనతో ఎండలో తిరిగి, రాత్రి మరల మూడు గంటలు బస్సు నడపవలెను. ఆ విజయవాడ రహదారి మీద లారీలు రాత్రిళ్ళు ఎంత వేగంగా పోతవో అందరికీ తెలిసినదే. టిక్కెట్టు డబ్బు అతని చేతికిచ్చి, కడుపునిండ భోజనం పెట్టించి, మధ్యాహ్నం బస్సులో నీడపట్టున నిద్రపొమ్మనండి. నల్గొండవారు రాత్రి ఎనిమిదింటికి, పాలమూరువారు తొమ్మిదిన్నరకు ఇల్లు చేరగలరు. ఆలస్యమైతే దారిలో ఒకచోట ఆపి టీ త్రాగించండి, తొందరపెట్టవద్దు.