ఇకెబానా: పువ్వుని కాదు, పువ్వు చుట్టూ ఉన్న ఖాళీని చూడండి

ఈ ఎపిసోడ్‌లో మనం జపాన్ వాళ్ళ పూల అమరిక కళ గురించి మాట్లాడుకుందాం. దాని పేరు ఇకెబానా. ఫోన్‌లో ఎప్పుడో ఒకప్పుడు మీకు దీని ఫోటో కనబడే ఉంటుంది. వెడల్పాటి ఒక గిన్నె, అందులో కొంచెం నీళ్ళు, ఓ పక్క నుంచి వంగుతూ పైకి లేచిన కొమ్మ, దాని కింద రెండు ఆకులు, ఒకే ఒక్క పువ్వు. మిగతాదంతా ఖాళీ. చూడగానే "ఇంతేనా? పూలన్నీ తెచ్చేలోపే ఫోటో తీసేశారా?" అనిపిస్తుంది.

అలా అనిపించడం సహజమే. మన కళ్ళకి అలవాటైంది నిండుదనం కదా. బతుకమ్మ పేర్చినా, పెళ్ళి మండపం అలంకరించినా, గుమ్మానికి బంతిపూల దండ కట్టినా, ఎక్కడైనా ఖాళీ కనబడితే అక్కడ ఇంకో పువ్వు పెడతాం. అదొక అందం, దాని లెక్క దానిది. ఇకెబానా లెక్క వేరు. ఆ లెక్క తెలియకపోతే అది మూడు పుల్లలు, ఒక పువ్వులాగే ఉంటుంది. తెలిస్తే మాత్రం అదే గిన్నె దగ్గర పది నిమిషాలు నిలబడిపోతాం. అందుకే ఈ రోజు నేను ఇకెబానా ఎలా చెయ్యాలో చెప్పను. ఎలా చూడాలో చెబుతాను.

ముందు పేరు చూద్దాం. 'హనా' అంటే పువ్వు. 'ఇకెరు' అనే క్రియలో బతికించడం, బతికి ఉండేలా చేయడం అనే అర్థం ఉంది. రెండూ కలిసి ఇకెబానా. ఇక్కడే ఒక చిక్కు ఉంది చూడండి. పువ్వుని కొయ్యకుండా ఇకెబానా చెయ్యలేరు. కోస్తే అది చచ్చిపోవడం మొదలుపెట్టినట్టే. మరి కోసిన పువ్వుని బతికించడం ఏమిటి? ఈ కళ మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. మొక్క నుంచి తెంపాం కాబట్టి ఆ పువ్వుకి మనం ఏదో బాకీ పడ్డాం. మొక్క మీద ఉన్నప్పుడు ఎవరూ గమనించని దాని స్వభావాన్ని ఇక్కడ కనబడేలా చెయ్యాలి. అలా చెయ్యలేకపోతే అనవసరంగా తెంపినట్టే.

కొంచెం చరిత్ర చెబుతాను. బౌద్ధం 6వ శతాబ్దంలో జపాన్ చేరింది. దాంతోపాటే బుద్ధుడి ముందు పూలు పెట్టే అలవాటూ వెళ్ళింది. అంటే మన దగ్గరా వాళ్ళ దగ్గరా పూల కథ పూజ నుంచే మొదలైందన్నమాట. క్యోటో నగరంలో రొక్కకుదో అనే గుడి ఉంది. గుడి పక్కన ఒక కొలను, ఆ కొలను ఒడ్డున పూజారుల నివాసం. 'ఇకె' అంటే కొలను, 'బో' అంటే ఆ నివాసం. అలా ఆ పూజారుల పరంపరకి ఇకెనోబో అనే పేరొచ్చింది. 1462లో ఆ పరంపరకి చెందిన సెంకెయ్ పూలు అమరిస్తే, చూడటానికి క్యోటో జనం పోటీపడి వచ్చారని అప్పటి ఒక సన్యాసి తన డైరీలో రాసుకున్నాడు. దేవుడి ముందు పెట్టిన పూలని అందం కోసం కూడా చూడటం మొదలైందనడానికి అదొక గుర్తు.

తర్వాత 16వ శతాబ్దంలో ఇదే పరంపరలో సెన్నో అనే గురువు వచ్చాడు. ఆయన చెప్పిన విషయం సారాంశం ఇది: అందమైన పూలు తెచ్చి కుండీలో పెట్టడం గొప్ప కాదు. ఎండిన కొమ్మ, పురుగు కొరికిన ఆకు, గాలికి వంగిన కాడ, ఇవి కూడా ప్రకృతే. వీటిలో అందం చూడగలగాలి. ఆ తర్వాత వందల ఏళ్ళు ఈ కళ ఈ మాట మీదే నిలబడింది. ఇంకో సంగతి, పూలంటే ఆడవాళ్ళ వ్యవహారం అనుకునేవాళ్ళ కోసం. శతాబ్దాల పాటు ఇకెబానా ఎక్కువగా సన్యాసులు, సమురాయ్ యోధుల చేతుల్లోనే ఉంది. ఆడపిల్లల చదువులో భాగంగా ఇది బాగా వ్యాపించింది 19వ శతాబ్దం చివర్లో, మెయ్‌జీ కాలంలో.

సరే, ఇప్పుడు చూడటం దగ్గరికి వద్దాం. నేను ఐదు విషయాలు చెబుతాను.

ఒకటి, ఎక్కడ నిలబడాలి. పాత జపాన్ ఇళ్ళల్లో తొకొనొమా అని గోడలోకి ఒక అర ఉంటుంది. అందులో ఒక చిత్రపటం, దాని ముందు పూలు. చూసేవాళ్ళు నేల మీద కూర్చుని ఎదురుగా చూస్తారు. అందుకే సంప్రదాయ ఇకెబానాకి ఒక ముందు వైపు ఉంటుంది. ప్రదర్శనలో చూస్తే మధ్యకి వచ్చి నిలబడండి, కొంచెం వంగి, కళ్ళని పూల మట్టానికి తీసుకురండి. పైనుంచి చూస్తే సగం పోతుంది.

రెండు, గీతలు. మనం ముందు రంగు చూస్తాం. ఇక్కడ రంగుని కాసేపు మర్చిపోయి, కొమ్మలని పెన్సిల్ గీతల్లా చూడండి. చాలా శైలుల్లో మూడు ప్రధాన గీతలు ఉంటాయి. వీటిని ఆకాశం, మనిషి, భూమి అనే భావనతో చెబుతారు. సోగెత్సు అనే శాఖలో వీటి పేర్లు షిన్, సోయె, హికాయె. వీటికి కొలతలు కూడా ఉన్నాయి. గిన్నె వెడల్పు, లోతు కలిపి, దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు షిన్. అందులో ముప్పావు వంతు సోయె. సోయెలో ముప్పావు వంతు హికాయె. ఉదాహరణకి 30 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల లోతు ఉన్న గిన్నె అనుకోండి. మొత్తం 36. ఒకటిన్నర రెట్లు అంటే షిన్ 54 సెంటీమీటర్లు, సోయె సుమారు 40, హికాయె సుమారు 30. మూడూ ఒకేలా నిలబడవు. మొదటి పాఠంలో షిన్ దాదాపు నిటారుగా, సోయె 45 డిగ్రీలు, హికాయె 75 డిగ్రీలు వంగి ఉంటాయి. మూడు కొనలనీ మనసులో కలిపి చూడండి, సమానం కాని భుజాలున్న త్రిభుజం కనబడుతుంది. రెండు పక్కలా సమానంగా ఉంటే కన్ను అక్కడే ఆగిపోతుంది. అసమానంగా ఉంటే కన్ను తిరుగుతూనే ఉంటుంది. కొమ్మ కదలకపోయినా కదులుతున్నట్టు అనిపించేది అందుకే.

మూడు, ఖాళీ. జపనీస్‌లో దీన్ని 'మా' అంటారు. సంగీతంలో రెండు స్వరాల మధ్య నిశ్శబ్దం ఎంత ముఖ్యమో, ఇక్కడ రెండు కొమ్మల మధ్య ఖాళీ అంత ముఖ్యం. ఒక చిన్న పరీక్ష చెయ్యండి. ఖాళీగా ఉన్న చోట ఇంకో పువ్వు ఉన్నట్టు ఊహించుకోండి. ఆ వెంటనే ఆ కొమ్మ వంపు కనబడకుండా పోతుంది. అంటే ఆ ఖాళీయే ఆ వంపుని చూపిస్తోందన్నమాట. చేసేవాళ్ళు ఆకుల్ని ఒక్కొక్కటే తీసేస్తూ వెళతారు. మీకు కనబడే పది ఆకుల వెనక, తీసేసిన ముప్పై ఆకులు ఉండొచ్చు. ఏం పెట్టారో చూడటం తేలిక. ఏం తీసేశారో ఊహించగలిగితే మీరు ఇకెబానా చూడటం నేర్చుకున్నట్టే.

నాలుగు, మొదలు. ఇది చాలామంది చూడని చోటు. కొమ్మలు నీళ్ళలోంచి పైకి వచ్చే అంచు. షోకా అనే శైలిలో మూడు కొమ్మలూ నీటి మీద కొంత ఎత్తు వరకూ ఒకే కాడలాగా, ఒకదాని వెనక ఒకటి పొందికగా లేస్తాయి. ఆ తర్వాతే విడిపోతాయి. అక్కడ శుభ్రంగా ఉంటే అది మట్టిలోంచి మొలిచినట్టు ఉంటుంది. గజిబిజిగా ఉంటే గుచ్చినట్టు ఉంటుంది. వెడల్పాటి గిన్నెల్లో కొమ్మల్ని నిలబెట్టేది కెంజాన్ అనే చిన్న బరువైన లోహపు దిమ్మ. దాని మీద నిలువుగా బోలెడు ఇత్తడి సూదులు ఉంటాయి. కెంజాన్ అంటే కత్తుల కొండ అని అర్థం. కాడని నీళ్ళలో ముంచి నీళ్ళలోనే కత్తిరిస్తారు, గాలి బుడగ కాడలోకి పోయి నీటికి అడ్డుపడకుండా. చూశారా, బతికించడం అనేది కవిత్వం మాట మాత్రమే కాదు, పని కూడా.

ఐదు, కాలం. నా మటుకు నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. ఇకెబానాలో పూర్తిగా విచ్చిన పువ్వుల కన్నా మొగ్గలకి ఎక్కువ గౌరవం. ఎందుకంటే మొగ్గకి రేపు ఉంది. ఇకెనోబో పరంపరలో తామరతో చేసే ఒక అమరిక ఉంది. అందులో ఎండిన ఆకు, గింజల కాయ గతం. విచ్చిన పువ్వు, విశాలమైన ఆకు వర్తమానం. మొగ్గ, ఇంకా చుట్టుకుని ఉన్న లేత ఆకు భవిష్యత్తు. తామర చెరువు దగ్గరికి వెళితే ఈ మూడూ ఒకేచోట కనబడతాయి, మనం మాత్రం పువ్వునే చూసి వచ్చేస్తాం. వసంతంలో చెర్రీ కొమ్మ, శరదృతువులో చామంతి, ఎర్రబడిన మేపుల్ ఆకు, కొత్త సంవత్సరానికి పైన్ కొమ్మ. ఏ కాలంలో ఉన్నామో గిన్నె చూసి చెప్పొచ్చు.

ఇక్కడ టీ గురువు సెన్ నో రిక్యు గురించి చెప్పుకునే కథ ఒకటి చెప్పాలి. 16వ శతాబ్దంలో జపాన్‌ని ఏలిన హిదెయోషి, రిక్యు తోటలో మార్నింగ్ గ్లోరీ పూలు అద్భుతంగా పూశాయని విని పొద్దున్నే చూడటానికి వచ్చాడట. తీరా చూస్తే తోటలో ఒక్క పువ్వు లేదు, అన్నీ కోసేశారు. కోపంగా టీ గదిలోకి వంగి అడుగుపెట్టాడు. లోపల తొకొనొమాలో ఒకే ఒక్క పువ్వు. వంద పూలుంటే వందనీ ఒక చూపు చూసి వెళ్ళిపోయేవాడు. ఒక్కటే ఉంటే దాన్ని చూడక తప్పదు. కథ నిజంగా జరిగిందో లేదో గానీ, అందులో ఒక కఠినత్వం కూడా ఉంది, అది దాచక్కర్లేదు. ఒక్క పువ్వు కోసం తోటంతా పోయింది. ఎంత పోగొట్టుకుంటే ఎంత కనబడుతుంది అనే ప్రశ్న ఈ కళలో ఎప్పుడూ ఉంటుంది.

ఇప్పుడు మీకు ఒక సందేహం రావచ్చు. ఇన్ని కొలతలు, ఇన్ని నియమాలు ఉంటే స్వేచ్ఛ ఎక్కడ? ఆ ప్రశ్న జపాన్‌లోనూ అడిగారు. 19వ శతాబ్దం చివర్లో పాశ్చాత్య పూలు వచ్చాయి. వాటిని పాత పద్ధతిలో అమర్చడం కుదరలేదు. అప్పుడు ఒహారా ఉన్షిన్ అనే ఆయన వెడల్పాటి గిన్నెలో పూలని పరిచినట్టు పెట్టే మోరిబానా శైలి తెచ్చాడు. 1927లో తెషిగహారా సోఫు సోగెత్సు శాఖ మొదలుపెట్టి, ఎవరైనా, ఎక్కడైనా, ఎప్పుడైనా, ఏ వస్తువుతోనైనా ఇకెబానా చెయ్యొచ్చు అన్నాడు. ఇనుము, రాయి, ఎండు దుంగలు కూడా వాడాడు. అయినా ఆ శాఖలో మొదటి పాఠం ఇందాక చెప్పిన కొలతలే. సంగీతంలో సరళీ స్వరాలు ఎలాగో ఇవి అలాగ.

1956లో టోక్యోలో ఎలెన్ గోర్డన్ అలెన్ అనే అమెరికన్ మహిళ ఇకెబానా ఇంటర్నేషనల్ అనే సంస్థ పెట్టారు. పూల ద్వారా స్నేహం అనేది దాని నినాదం. ఆవిడ భర్త అమెరికా సైన్యంలో జనరల్. యుద్ధం ముగిసి అప్పటికి 11 ఏళ్ళే. నిన్నటిదాకా ఒకరినొకరు చంపుకున్న రెండు దేశాల వాళ్ళు ఒక గిన్నె ముందు కూర్చున్నారంటే అది చిన్న విషయం కాదు. ఆ సంస్థకి మన హైదరాబాద్‌లో కూడా శాఖ ఉంది. ప్రదర్శన పెట్టినప్పుడు వెళ్ళి చూడండి.

ఎందుకు వెళ్ళమంటున్నానంటే, ఫోటోలో ఇకెబానా సగమే కనబడుతుంది. ఇందాక చెప్పిన సోయె, హికాయె కొమ్మలు పక్కకి మాత్రమే వంగవు, మీ వైపు ముందుకి కూడా వస్తాయి. ఫోన్ స్క్రీన్ ఆ లోతుని చదును చేసేస్తుంది. ఎదురుగా నిలబడితే కొమ్మ కొన మీ వైపు చెయ్యి చాపినట్టు ఉంటుంది. ఇంకో కారణం, ఫోటో ఎప్పటికీ అలాగే ఉంటుంది. ఆ పువ్వు ఉండదు. నాలుగైదు రోజుల్లో రేకులు రాలతాయి, నీళ్ళు పారబోసి కెంజాన్ కడిగి పెట్టేస్తారు. చేసినవాళ్ళకి అది ముందే తెలుసు. తెలిసి కూడా అరగంట కూర్చుని ఒక ఆకు ఉంచాలా తియ్యాలా అని ఆలోచించారు. ఈ కళని గౌరవించడానికి నాకు ఆ ఒక్కటి చాలు.

ఈ వారం మీకు ఒక పని. ఇంట్లో ఏదో ఒక మొక్క దగ్గర, కొయ్యకుండానే, రెండు నిమిషాలు నిలబడండి. ఎండ వైపు తిరిగిన ఆకు ఏది, వెనక్కి తిరిగింది ఏది, మొగ్గ ఎక్కడ, ఎండింది ఎక్కడ, వాటి మధ్య ఖాళీ ఏ ఆకారంలో ఉంది, చూడండి. ఫోటో మాత్రం తియ్యకండి. ఏం కనబడిందో కామెంట్లలో మాటల్లోనే రాయండి, నేను చదువుతాను. మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా సెలవు.