ద్రవస్ఫటికాల పొర: మసక, తేట

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల విద్యార్థులలో చాలామందికి ఇంటి మాట తెలుగు. బడి చదువు కన్నడంలో, పై చదువు ఇంగ్లీషులో సాగుతుంది. నేర్చిన శాస్త్రాన్ని ఇంట్లో చెప్పుకోలేకపోతే తెలుగు వంటింటి భాషగానే మిగిలిపోతుంది. అందుకే ద్రవస్ఫటికాలను గురించి తెలుగులోనే తెలుసుకుందాం.

1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు రైనిట్జర్ కొలెస్టెరిల్ బెంజోయేట్‌ను వేడిచేశాడు. అది 145.5 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి మసక ద్రవమైంది, 178.5 డిగ్రీల వద్ద తేటపడింది. ఆ నడిమి స్థితే ద్రవస్ఫటికం. వాగులో కొట్టుకుపోయే గడ్డిపరకల్లాగా అందులోని కడ్డీల వంటి అణువులు కదులుతూనే దాదాపు ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. బిళ్ళల వంటి అణువులకూ ఈ స్థితి ఉందని 1977లో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్, ఆయన సహచరులు కనుగొన్నారు.

ద్రవస్ఫటికాన్ని పాలిమర్‌గా మారే ద్రవంలో కలిపి గట్టిపరిస్తే, అది సుమారు మైక్రాన్ పరిమాణంగల బిందువులుగా విడిపోతుంది. ఒక్కో బిందువులో అణువుల దిక్కు ఒక్కో రకం. బిందువుకూ పాలిమర్‌కూ వక్రీభవన గుణకం వేరైనందువల్ల వెలుగు చెదిరి, పొర పాలలాగా తెల్లగా కనబడుతుంది. నంది కొండ మీది పొగమంచు తెల్లదనానికీ కారణం ఇటువంటిదే.

పొరకు ఇరువైపులా పారదర్శక వాహకపు పూత ఉంటుంది. దానికి ఏకాంతర విద్యుత్తు ఇస్తే అణువులన్నీ విద్యుత్ క్షేత్రం వైపు తిరుగుతాయి. పాలిమర్‌ను ముందే తగినట్టు ఎంచుకొని ఉంటే ఇప్పుడు గుణకాలు సరిపోతాయి, పొర తేటపడుతుంది. బజ్జీల నూనె అంటిన కాగితం గుండా వెలుగు రావటం కూడా ఇలాంటిదే: పోగుల సందుల్లోని గాలి స్థానంలోకి కాగితానికి దగ్గరి గుణకంగల నూనె చేరుతుంది. అయితే ఏటవాలుగా చూస్తే పొరలో కొంత మసక ఉంటుంది. విద్యుత్తు ఆపితే బిందువు గోడ పట్టు అణువులను వెనక్కు తిప్పుతుంది. బిందువు చిన్నదైనకొద్దీ ఆ పట్టు ఎక్కువ, కావలసిన వోల్టేజీ కూడా ఎక్కువ. గదుల మధ్య అద్దాలలో ఈ పొరను వాడుతున్నారు.

అణువుల వరుసకు విద్యుత్తే అక్కరలేదు. మన శిడ్లఘట్ట మార్కెట్టుకు వచ్చే పట్టుగూళ్ళనే చూడండి. పురుగు తల ఆడిస్తూ ద్రవాన్ని సన్నని నాళం గుండా లాగినప్పుడు ప్రోటీను అణువులు దారం పొడవునా సర్దుకుంటాయి. పట్టుదారానికి బలం అందువల్లనే.

విద్యార్థులు ఈ విషయాన్ని ఇంట్లో పెద్దలకు తమ ఊరి తెలుగులో చెప్పి చూడాలని మా కోరిక.